కాటన్ దొర సన్నాల్లో డీఎస్‌టీ: ఒక జింక్ ఫింగర్ జన్యువుపై కేస్ స్టడీ

ఎంటీయూ 1010 వరిని డెల్టా రైతుకు కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో కృష్ణవేణి రకాన్ని ఐఆర్ 64తో కలిపి తీసిన కాటన్ దొర సన్నాలే ఇవి. 120 రోజుల్లో కోతకొస్తాయి, గింజ సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఇబ్బందల్లా ఉప్పు దగ్గరే. ప్రకాశం బ్యారేజీ నుంచి నీళ్లందే పశ్చిమ డెల్టాలో రేపల్లె, నిజాంపట్నం వైపు కాలువ చివరి భూములు ఉన్నాయి. అక్కడ నీళ్లు ఆలస్యమైతే నారు మాడుతుంది, ముందే కట్టేస్తే పైరు పొట్ట మీద ఉండగా ఉప్పు పైకి తేలుతుంది.

2025 మే 4న కేంద్రం రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. ఒకటి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ (ఐఏఆర్‌ఐ) ఈ ఎంటీయూ 1010 నుంచే తీసిన పూసా డీఎస్‌టీ రైస్ 1. రెండోది హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ (ఐఐఆర్‌ఆర్) తీసిన డీఆర్‌ఆర్ ధాన్ 100, అంటే 'కమల'. దాని మూలం బాపట్ల సాంబ మసూరి, బీపీటీ 5204. మొదటిదాంట్లో సవరించింది డీఎస్‌టీ (డ్రాట్ అండ్ సాల్ట్ టాలరెన్స్) అనే జింక్ ఫింగర్ జన్యువును, అంటే జింక్ సాయంతో డీఎన్ఏను పట్టుకుని ఇతర జన్యువులను నడిపే ప్రొటీన్‌ను తయారుచేసేదాన్ని. రెండోదాంట్లో సవరించిన సీకేఎక్స్2 జన్యువు మామూలు మొక్కలో ఆ డీఎస్‌టీ మాట వినే జన్యువే. ఒకటి ఉప్పు కోసం, ఇంకొకటి దిగుబడి కోసం అని విడివిడిగా చెబుతున్నారు గానీ రెండూ ఒకే దారిలో ముందూ వెనకా ఉన్న మెట్లు. డీఎస్‌టీని 'ఉప్పు జన్యువు' అనుకుని ఉప్పు పరీక్ష ఒక్కటే చేసి వదిలేయకూడదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

జింక్ ఫింగర్ పని

డీఎస్‌టీది సీ2హెచ్2 తరహా. ఒక సీ2హెచ్2 ఫింగర్‌లో దాదాపు 30 అమైనో ఆమ్లాలుంటాయి. రెండు సిస్టీన్లు, రెండు హిస్టిడీన్లు కలిసి ఒక జింక్ అయాన్‌ను పట్టుకుంటాయి. ఆ పట్టు వల్లే ఆ ముక్క మడతపడి డీఎన్ఏ గాడిలో కూర్చోగలుగుతుంది. ఇక్కడ జింక్ రసాయన చర్యేమీ చేయదు, ఆకారాన్ని నిలబెడుతుంది. 1985లో కప్ప అండకణాల టీఎఫ్‌3ఏ ప్రొటీన్‌లో దీన్ని మొదట గుర్తించారు. మొక్కల ఫింగర్లలో చాలావాటికి క్యూఏఎల్‌జీజీహెచ్ అనే ఆరు అమైనో ఆమ్లాల వరుస ప్రత్యేకంగా ఉంటుంది. ఈ కుటుంబంలో ప్రయోగశాలల్లో వాడే చిన్న మొక్క అరాబిడాప్సిస్‌కు 170కి పైగా, వరికి 180కి పైగా సభ్యులున్నారు. వీటిలో సూపర్‌మ్యాన్ లాంటివి పువ్వులో కేసరాల సంఖ్యను నిర్ణయిస్తాయి. జాట్10, జాట్12 లాంటివి ఉప్పు, చలి, తీవ్రమైన వెలుతురు తగిలిన నిమిషాల్లోనే లేస్తాయి.

జాట్10 సంగతి ఈ రంగంలో పనిచేసేవాళ్లు గోడమీద రాసిపెట్టుకోవాలి. 2006లో వచ్చిన పరిశోధనలో ఆ జన్యువును పెంచిన మొక్కలూ ఒత్తిడిని తట్టుకున్నాయి, తీసేసిన మొక్కలూ తట్టుకున్నాయి. అంటే ఉప్పు పెట్టినప్పుడు ఒక జన్యువు పైకి లేచింది కాబట్టి అది మొక్కను కాపాడేదే అనుకోవడానికి వీల్లేదు.

డీఎస్‌టీ ఆ మాటను ఇంకా గట్టిగా రుజువు చేస్తుంది. 2009లో చైనాలో ఉప్పుకు, కరువుకు తట్టుకున్న ఒక వరి మ్యుటెంట్ ద్వారా ఈ జన్యువు దొరికింది. ఆ మొక్కలో డీఎస్‌టీ దెబ్బతిని ఉంది. మామూలు డీఎస్‌టీ పెరాక్సిడేజ్ లాంటి జన్యువులను నడిపించి హైడ్రోజన్ పెరాక్సైడ్ పేరుకోకుండా చూస్తుంది. అది లేకపోతే రక్షక కణాల్లో పెరాక్సైడ్ పెరుగుతుంది, పత్రరంధ్రాలు ఎక్కువగా మూసుకుంటాయి, నీటి నష్టం తగ్గుతుంది. నీటితో పాటు పైకి ఎక్కే సోడియం కూడా తగ్గుతుంది. పైగా రంధ్రాల సాంద్రత తక్కువ, ఆకు వెడల్పు ఎక్కువ. 2013లో ఇంకో విషయం బయటపడింది. డీఎస్‌టీ నేరుగా సీకేఎక్స్2ను నడిపిస్తుంది, సీకేఎక్స్2 కణ విభజనను పెంచే సైటోకైనిన్ అనే హార్మోన్‌ను విరగ్గొడుతుంది. డీఎస్‌టీ మెతకబడితే కంకి మొగ్గలో సైటోకైనిన్ పెరిగి గింజల సంఖ్య పెరుగుతుంది.

ఎంటీయూ 1010లో చేసిన సవరణ 2020లో ప్రచురితమైంది. కాస్9 అనే డీఎన్ఏ కత్తెరకు చోటు చూపే రెండు గైడ్ ఆర్ఎన్ఏలతో కోసి, మధ్యలో 366 బేస్ జతలు పోయిన యుగ్మవికల్పాన్ని (జన్యువు రూపాన్ని) తీశారు. 366ను 3 భాగిస్తుంది కాబట్టి చదివే వరుస చెదరకుండా 122 అమైనో ఆమ్లాలు ఎగిరిపోతాయి. పత్రరంధ్రాలను పుట్టించే స్పీచ్‌లెస్, మ్యూట్, ఐస్1 జన్యువులు కూడా ఆ మొక్కల్లో తగ్గాయి. నారు దశలో ఉప్పుకు తట్టుకునే శక్తి బాగా, ద్రవాభిసరణ ఒత్తిడికి తట్టుకునే శక్తి ఒక మోస్తరుగా కనిపించింది. 'నారు దశలో' అన్న మాటను గుర్తుపెట్టుకోండి.

గింజ దగ్గర నుంచి మొదలుపెట్టాలి

గుంటూరులో ఒక మామూలు మాలిక్యులర్ ల్యాబ్ ఇలాంటి సవరించిన లైన్‌ను (ఒకే మొక్క నుంచి వచ్చిన సంతతిని) పరీక్షించాలంటే మొదటి ప్రశ్న: దేనితో పోలుస్తారు? ఎంటీయూ 1010 విత్తనం ఒక్కటే పక్కన పెడితే చాలదు. సవరించిన మొక్క టిష్యూ కల్చర్ దాటి వచ్చింది. ఆ దారిలో డీఎస్‌టీకి సంబంధం లేని మార్పులు కూడా చేరతాయి. అందుకే అదే తల్లి మొక్క సంతానంలో సవరణ లేని తోబుట్టువును కూడా పెట్టాలి. మూడింటి విత్తనం ఒకే సీజన్‌లో, ఒకే మడిలో తీసినదై ఉండాలి. పాత విత్తనానికీ కొత్త విత్తనానికీ మొలక బలంలో ఉండే తేడా ఉప్పు స్కోరులో తేలిగ్గా ఒక మెట్టు మార్చేస్తుంది.

టీ0 మొక్కలో (టిష్యూ కల్చర్ నుంచి వచ్చిన మొదటి మొక్కలో) సవరణ ఒక కాపీలోనే ఉండి, కత్తెర జన్యువులను మోసుకొచ్చిన టీ-డీఎన్ఏ ఒకేచోట చేరి, రెండూ వేర్వేరు క్రోమోజోముల మీద ఉంటే, టీ1లో (దాని సంతానంలో) సవరణ రెండు కాపీల్లోనూ ఉండి టీ-డీఎన్ఏ అసలు లేని మొక్క 16లో ఒకటి. 95 శాతం నమ్మకంతో అలాంటిది ఒక్కటైనా దొరకాలంటే 47 మొక్కలు చూడాలి. 20 నాటి దొరకలేదని లైన్‌ను పారేయడం తొందరపాటు.

366 బేస్‌ల లోటు 1.5 శాతం అగరోజ్ జెల్ మీద కంటికే కనిపిస్తుంది, సీక్వెన్సింగ్ దాకా పోనక్కర్లేదు. మోసం ఇంకోచోట ఉంది. రెండు యుగ్మవికల్పాలూ ఉన్న మొక్కలో పొట్టి ముక్క పీసీఆర్‌లో వేగంగా పెరుగుతుంది, పొడుగు ముక్క వెనకబడుతుంది. జెల్ మీద కింద బ్యాండు మందంగా, పైన బ్యాండు ఉందా లేదా అన్నంత పలచగా వస్తుంది. దాన్ని హోమోజైగస్ (రెండు కాపీలూ సవరించినవే) అని రాసుకుంటే తర్వాతి తరంలో పైరు కలగాపులగం అవుతుంది. తెగిపోయిన భాగం లోపల కూర్చునే మూడో ప్రైమర్‌తో విడిగా ఇంకో పీసీఆర్ చేయండి. అందులో బ్యాండు వస్తే పాత కాపీ ఇంకా ఉన్నట్టే. ఎక్స్‌టెన్షన్ సమయం పొడుగు ముక్కకు సరిపోయేలా పెట్టండి. తక్కువ పెడితే ఈ తప్పును చేతులారా తెచ్చుకున్నట్టే.

టీ-డీఎన్ఏతో వచ్చిన కాస్9, హైగ్రోమైసిన్ నిరోధక జన్యువులు లేవని చూపే పీసీఆర్‌కు కూడా తోడు కావాలి. అదే డీఎన్ఏలో ఏదో ఒక వరి జన్యువు పెరిగిందని, అదే మిక్స్‌తో ప్లాస్మిడ్ బ్యాండు వచ్చిందని పక్క గళ్లలో కనిపించకపోతే, ఖాళీ గడికి అర్థం లేదు. ఇది కాగితం పని కూడా. 2022 మార్చి 30 నాటి పర్యావరణ మంత్రిత్వ శాఖ మెమొరాండం ఎస్‌డీఎన్-1, ఎస్‌డీఎన్-2 మొక్కలకు (బయటి జన్యువు చేర్చకుండా సొంత డీఎన్ఏనే సవరించినవాటికి) జన్యు మార్పిడి జీవులపై ఉన్న 1989 నియమాల్లోని 7 నుంచి 11 దాకా మినహాయింపు ఇచ్చింది. బయటి డీఎన్ఏ లేదని తేలితేనే అది వర్తిస్తుంది. తేలే దాకా మొక్క నియంత్రిత గదిలోనే ఉండాలి, సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి లేకుండా మడిలోకి దిగకూడదు.

పత్రరంధ్రాల లెక్క

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఆకు వెడల్పయితే బాహ్యచర్మ కణాలు సాగి, రంధ్రాలు ఒకదానికొకటి దూరం జరిగి, చదరపు మిల్లీమీటరుకు సంఖ్య దానంతటదే తగ్గవచ్చు. అసలు పుట్టిన రంధ్రాలే తగ్గాయా అన్నది సాంద్రత చెప్పదు. సూచిక చెబుతుంది: రంధ్రాల సంఖ్యను, రంధ్రాలూ మిగతా బాహ్యచర్మ కణాలూ కలిపిన మొత్తంతో భాగించి నూరుతో గుణించాలి. రెండూ రాయాలి. సాంద్రత తగ్గి సూచిక తగ్గకపోతే అది ఆకు సాగుడు. రెండూ తగ్గితే రంధ్రాల పుట్టుకే తగ్గినట్టు.

ముద్ర తీయడానికి రంగులేని గోళ్ల పాలిష్ చాలు. పూర్తిగా విచ్చుకున్న ఒకే వరుస ఆకును ఎంచుకోండి, పిలకల ఆకులు వద్దు, ప్రధాన కాండానివే. ఆకు పొడవులో నడిమి భాగం, ఈనెకూ అంచుకూ మధ్య. కింది వైపు పలచగా ఒక్క పూత పూసి, 10 నిమిషాలు ఆరనిచ్చి, పారదర్శక టేపుతో లాగి స్లైడు మీద అతికించండి. వరి ఆకు మీద సిలికా బొడిపెలు, మైనం ఉంటాయి కాబట్టి పూత మందమైతే బుడగలు చేరి కణాల గోడలు కనిపించవు, సూచిక లెక్కకు ఆ ముద్ర పనికిరాదు. అలాంటప్పుడు ఆకు ముక్కను ఆల్కహాల్‌లో రంగు పోగొట్టి నేరుగా చూడడం మేలు. ఆకుల కోత ఉదయం 10 లోపు ముగించండి. ఆ తర్వాత గుంటూరు ఎండకు ఆకు చుట్టుకుంటుంది, చుట్టుకున్న ఆకు మీద పూత సమంగా పడదు. 40 రెట్ల ఆబ్జెక్టివ్, 18 ఫీల్డ్ నంబరు ఐపీస్ అయితే కనిపించే వృత్తం వ్యాసం 0.45 మిల్లీమీటర్లు, వైశాల్యం 0.16 చదరపు మిల్లీమీటర్లు. అయినా స్టేజ్ మైక్రోమీటరుతో ఒకసారి సరిచూడండి. లెక్కపెట్టే మనిషికి ఏ స్లైడు ఏ లైన్‌దో తెలియకూడదు.

ఉప్పు తొట్టి

నారు పరీక్షకు అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ (ఇర్రి) పద్ధతే వాడుక. మొలకెత్తిన గింజలను నైలాన్ వల అతికించిన థర్మాకోల్ పలకల్లో పెట్టి మూడు రోజులు మంచినీటిపై తేలనివ్వాలి. తర్వాత యోషిదా పోషక ద్రావణంలోకి మార్చి ఉప్పు కలిపి ఈసీని (ఉప్పును చూపే విద్యుత్ వాహకతను) మీటరుకు 6 డెసీసీమెన్స్‌కు, ఇంకో మూడు రోజుల తర్వాత 12కు తీసుకెళ్లాలి. 12కు లీటరుకు దాదాపు 6 గ్రాముల సోడియం క్లోరైడ్ పడుతుంది. గ్రాముల కంటే ఈసీ మీటరునే నమ్మండి. పీహెచ్ రోజూ 5.0కు సరిచేయాలి, ద్రావణం 8 రోజులకొకసారి మార్చాలి. తట్టుకునే చెక్‌గా పొక్కాలి లేదా ఎఫ్ఎల్ 478, తట్టుకోని చెక్‌గా ఐఆర్ 29. స్కోరు 1 (బాగా తట్టుకుంది) నుంచి 9 (చనిపోయింది లేదా చావుకు దగ్గరైంది) వరకు. ఐఆర్ 29 ఇంకా పచ్చగా నిలబడి ఉంటే ఆ తొట్టిలో మిగతా స్కోర్లను లెక్కలోకి తీసుకోకండి, ఉప్పు చాలలేదు.

ఇక్కడి వాతావరణం వల్ల రెండు చిక్కులు. ఏప్రిల్, మే నెలల్లో తొట్టి నీరు రోజులోనే గణనీయంగా ఆవిరై ఈసీ దానంతటదే ఎక్కుతుంది. సాయంత్రం ఉప్పునీళ్లు కాకుండా ఆర్‌ఓ నీళ్లు పోసి గీత దాకా నింపాలి. బోరు నీళ్లు పోస్తే ఈసీతో పాటు బైకార్బొనేట్ కూడా చేరి పీహెచ్ నిలవదు, ఇనుము అందక ఆకులు పాలిపోతాయి. అది ఉప్పు దెబ్బలా కనిపించి స్కోరు చెడగొడుతుంది. రెండో చిక్కు గాలిలో తేమ. రంధ్రాలు మూసే జన్యువును తేమ నిండిన గదిలో పరీక్షిస్తే తేడా కనపడదు, అక్కడ ఏ మొక్కా పెద్దగా నీళ్లు వదలదు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెలుతురున్న షెడ్డులో పెట్టి, తేమ, ఉష్ణోగ్రత రోజూ రాసుకోండి.

స్కోరుతో ఆపకుండా కాండంలో సోడియం, పొటాషియం ఫ్లేమ్ ఫొటోమీటరుపై చూడాలి. మొక్కను కోసేముందు వేర్లను మంచినీటితో త్వరగా కడగకపోతే అంటుకున్న ఉప్పే లెక్కలోకి వస్తుంది. సవరించిన లైన్‌లో సోడియం తగ్గి, దాంతోపాటు ఆకు నీరు వదిలే వేగం కూడా తగ్గితే డీఎస్‌టీ కథ సరిపోయినట్టు. నీరు వదిలే వేగం మారకుండా సోడియం మాత్రం తగ్గితే కారణం వేరే ఎక్కడో ఉంది, టిష్యూ కల్చర్‌లో వచ్చిన మార్పును అనుమానించాలి.

జన్యు వ్యక్తీకరణ చూసేటప్పుడు

ఈ కుటుంబపు జన్యువుల్లో చాలావాటికి ఇంట్రాన్ లేదు. కాబట్టి ఆర్ఎన్ఏలో మిగిలిన జీనోమిక్ డీఎన్ఏకూ సీడీఎన్ఏకూ బ్యాండు పొడవులో తేడా ఉండదు. డీఎన్ఏజ్ వేయడం, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ లేని గొట్టాన్ని ప్రతి నమూనాకూ పెట్టడం తప్పనిసరి. ఫింగర్ భాగం అన్నిటిలో ఒకేలా ఉంటుంది కాబట్టి ప్రైమర్లు అక్కడ కూర్చోకూడదు. 3 ప్రైమ్ చివర అనువదించని భాగంలో పెట్టుకుంటే పక్క జన్యువు తోడు రాదు. సవరించిన లైన్‌లో ప్రైమర్ కూర్చునే చోటే తెగిపోయి ఉంటే సున్నా వస్తుంది. జన్యువు మూగబోయిందని పొరబడకండి.

వేరును తాకినా, పలకను ఎత్తినా జాట్12 తరహా జన్యువులు అరగంటలో లేస్తాయి. ఉప్పు తొట్టిలోకి మార్చిన మొక్కలకు జోడీగా ఉప్పులేని కొత్త ద్రావణంలోకి అంతే కదలికతో మార్చిన మొక్కలు ఉండాలి. 0, 1, 3, 6, 24 గంటలకు రెండు వైపులా నమూనా తీయాలి. 24 గంటలప్పుడు ఒక్కసారే తీస్తే లేచి పడిపోయిన జన్యువు అసలు కదలనట్టు కనిపిస్తుంది. 100 మిల్లీగ్రాముల ఆకును కోసిన వెంటనే ద్రవ నత్రజనిలో వేయాలి. పశువుల కృత్రిమ గర్భధారణ కేంద్రాలు వాడేది కూడా ఇదే, సరఫరా తెగినప్పుడు అక్కడ విచారించవచ్చు. పోల్చి చూసుకునే రిఫరెన్స్ జన్యువు ఒక్కటి చాలదు. వరిలో యూబీక్యూ5, ఈఈఎఫ్1-ఆల్ఫా నిలకడగా ఉంటాయి, రెండూ పెట్టండి. ప్రైమర్ సామర్థ్యం 90 నుంచి 110 శాతం మధ్య లేకపోతే లెక్క వేయకండి.

డీఎస్‌టీ డీఎన్ఏను పట్టుకుంటోందా అని జెల్ షిఫ్ట్ (ప్రొటీన్ పట్టుకున్న డీఎన్ఏ జెల్‌లో నెమ్మదిగా కదులుతుందా అన్న పరీక్ష) చేయాలనుకునేవారికి ఒక్క మాట: ఈడీటీఏను దూరం పెట్టండి. అది ఫింగర్ నుంచి జింక్‌ను లాగేస్తుంది, ప్రొటీన్ మడత విప్పుకుంటుంది, షిఫ్ట్ రాదు. సామాన్యంగా వాడే టీబీఈ బఫర్‌లో అది ఉంటుంది కాబట్టి ఈడీటీఏ లేని టీబీ బఫర్‌తో నడపాలి. బ్యాక్టీరియాలో ప్రొటీన్ తీసేటప్పుడు మాధ్యమంలో 50 నుంచి 100 మైక్రోమోలార్ జింక్ సల్ఫేట్ కలిపితే కరిగే భాగం పెరుగుతుంది.

జింక్ పేరు వినగానే పొలంలో జింక్ సల్ఫేట్ వేస్తే ఈ ప్రొటీన్లు పెరుగుతాయా అని రైతులు అడుగుతుంటారు. పెరగవు. కానీ కారు చౌడులో పీహెచ్ 8 దాటితే జింక్ అందదు, ఆకులపై తుప్పు మచ్చలొస్తాయి, అది కూడా ఉప్పు దెబ్బలా కనిపిస్తుంది. కాబట్టి పరీక్ష మడి అంతటా ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ సమానంగా వేయాలి, భాస్వరం ఎరువుతో కలపకుండా.

పొలంలో చూడాల్సినవి

పూసా డీఎస్‌టీ రైస్ 1 ఉప్పు, చౌడు నేలల్లో 9.66 నుంచి 30.4 శాతం దాకా ఎక్కువ దిగుబడి ఇస్తుందని ప్రకటించారు. ట్రయల్ లెక్కలపై విమర్శలూ వచ్చాయి. ఆ వాదన ఎలా తేలినా రేపల్లె చివరి భూమికి దాని సొంత లెక్క కావాలి. నారు దశలో తట్టుకున్న వరి పూత దశలో తట్టుకోవాలని లేదు, రెండింటి జన్యు కారణాలు చాలావరకు వేరు. అందుకే ఈసీ నాట్లప్పుడు, చిరుపొట్టప్పుడు, పూతప్పుడు, మూడుసార్లూ ప్రతి చిన్నమడిలో 0 నుంచి 15 సెంటీమీటర్ల లోతు మట్టిలో కొలవాలి. మడి ఒక మూల పాల చౌడు, ఇంకో మూల మంచి నేల అయితే కనీసం మూడు రెప్లికేషన్లు, ప్రతి దాంట్లో ఎంటీయూ 1010 తప్పనిసరి.

మాకు ఎక్కువ ఆందోళన కలిగించేది వేడి. రంధ్రాలు తక్కువైతే, ఉన్నవి మూసుకుంటే ఆకు చల్లబడదు. దాళ్వా ఆలస్యమై పూత ఏప్రిల్‌లో పడితే పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు ఎప్పుడో దాటి ఉంటుంది, ఆ వేడికే వరి పూతలో పుప్పొడి దెబ్బతిని తాలు పెరుగుతుంది. పైరు వేడిని మధ్యాహ్నం 1 నుంచి 2 మధ్య ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ఎంటీయూ 1010 పక్కనే కొలవాలి. కంకికి మొత్తం గింజలు, నిండు గింజలు, తాలు విడివిడిగా లెక్కించాలి. సీకేఎక్స్2 తగ్గినందువల్ల గింజల సంఖ్య పెరగవచ్చు, వేడి వల్ల తాలూ పెరగవచ్చు, మొత్తం దిగుబడిలో ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఏమీ జరగనట్టు కనిపించవచ్చు. కోతకు ముందు ప్రతి చిన్నమడి నుంచి అంచు వరుసలు వదిలి 10 కుదుళ్ల కంకులు విడిగా కోసి ఈ లెక్క తీయండి. మిగతా మడిని 14 శాతం తేమకు సరిచేసిన బరువుతో తూచండి.